తాతగారి కాంటెస్సాను మజిల్ కారుగా మలచాలంటే: మొదట బ్రేకు, చివర ఇంజను

బాబూ,

నీ ప్రశ్న శ్రద్ధగా చదివాను. గుణుపురంలో మీ తాతగారి 1986 నాటి కాంటెస్సా, 1500 సీసీ బండి, ఇంటి వెనక షెడ్డులో ఏళ్ళ తరబడి కదలకుండా ఉంది. దాన్ని ఇంట్లోనే విప్పి అమెరికా మజిల్ కారులా, అంటే పెద్ద ఇంజనుతో దూసుకుపోయే బండిలా తయారు చేయాలని నీ కోరిక. ఎనిమిది సిలిండర్ల వి-8 ఇంజను పెట్టవచ్చా, కుదరకపోతే జపాన్ ఆరు సిలిండర్ల ఇంజను వేయవచ్చా, ఆరు నెలల్లో పూర్తవుతుందా అని అడిగావు. పూర్తయ్యాక కోరాపుట్ మీదుగా దేవమాలి కొండ ఎక్కాలని చివర్లో ఒక మాట రాశావు. నీ జాబులో నాకు అన్నిటికన్నా పనికొచ్చింది ఆ చివరి మాటే.

నేను కోరాపుట్ జిల్లా సునాబెడలో యంత్రాల మధ్య ఉద్యోగం చేసి విరమించాను. అప్పటినుంచి ఇంటి వెనకే పాత బళ్ళు బాగుచేస్తున్నాను. సాలూరు నుంచి సుంకి, పొట్టంగి మీదుగా సెమిలిగుడ చేరే ఘాటు రోడ్డు మా గుమ్మం లాంటిది. ఆ రోడ్డు మీద ఏ బండి ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో దగ్గరగా చూసే అవకాశం నాకు దొరికింది. కాబట్టి దేవమాలికి వెళ్ళి తిరిగి వచ్చే బండి ఎలా ఉండాలో, దాన్ని ఏ వరుసలో కట్టాలో చెబుతాను.

దేవమాలి ఎత్తు 1672 మీటర్లు. ఒడిశాలో అంతకు మించిన శిఖరం లేదు. ఎక్కడానికి ఇంజను కావాలి, నిజమే. అయితే ఎక్కలేకపోయిన బండి రోడ్డు పక్కన నిలబడుతుంది. దిగేటప్పుడు ఆగలేకపోయిన బండి లోయలో పడుతుంది. అందుకని బండి మొదట ఆగాలి, తర్వాత తిన్నగా నిలబడాలి, ఆ తర్వాత వేడెక్కకుండా ఉండాలి. పరుగు ఆ మూడింటి తర్వాతే. ఇళ్ళలో సగంలో ఆగిపోయిన బళ్ళను చూస్తే దాదాపు అన్నిచోట్లా ఇంజను ముందు వచ్చింది, డబ్బు అక్కడే అయిపోయింది.

మజిల్ కారు అనగానే చాలామంది 1964 నాటి పాంటియాక్ జీటీవోతో మొదలుపెడతారు. ఓ మోస్తరు సైజు బండిలో పెద్ద బళ్ళకు వాడే 389 క్యూబిక్ అంగుళాల వి-8 ఇంజను దించారు. మన లెక్కలో అది దాదాపు 6.4 లీటర్లు. 325 గుర్రాల బలం అని కంపెనీ ప్రకటించింది. అప్పట్లో అమెరికాలో ఇంజనును విడిగా నిలబెట్టి, గాలి ఫిల్టరు, సైలెన్సరు లాంటి భారాలేవీ లేకుండా బలం కొలిచేవారు. 1972 నుంచి బండిలో ఉండే సామగ్రి అంతా తగిలించి కొలవడం మొదలయ్యాక ప్రకటనల్లోని అంకెలు బాగా పడిపోయాయి. పాత అంకెలు చూసి నేటి బళ్ళతో పోల్చుకునే కుర్రవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఇంకో విషయం, ఆ 1964 జీటీవోకు నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే ఉండేవి. ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు 1967లో గానీ రాలేదు, అవీ అదనపు డబ్బు కట్టినవాళ్ళకే. నేడు ఆ బళ్ళను అమెరికాలో తిరిగి కట్టేవాళ్ళలో చాలామంది ముందుగా మార్చేది బ్రేకులనే.

మన కాంటెస్సా వంశం వేరు. బ్రిటన్‌లో వాక్సాల్ కంపెనీ 1970లలో అమ్మిన బండి అచ్చులు తెచ్చుకుని హిందుస్థాన్ మోటార్స్ కలకత్తా దగ్గరి ఉత్తరపారాలో తయారు చేసింది. 1984లో మార్కెట్లోకి వచ్చింది, 2002లో ఆగిపోయింది. నీ దగ్గరున్నలాంటి తొలి బళ్ళలో అంబాసిడర్‌కు వాడిన 1489 సీసీ ఇంజనే ఉండేది. బలం యాభై గుర్రాల చుట్టుపక్కల. పొడవైన బానెట్, వెడల్పు నడుము, వెనక చక్రాలను తిప్పే అమరిక, ఇవన్నీ మజిల్ కారు లక్షణాలే. ఇంజను మాత్రం ఆ రూపానికి చాలలేదు. నీ కోరిక ఆ లోటులోంచి పుట్టింది. దాన్ని నేను గౌరవిస్తాను. ఆ లోటు తీర్చే పద్ధతి గురించే నా మాటంతా.

వి-8 వద్దు. ఆరు సిలిండర్ల జపాన్ ఇంజను కూడా వద్దు. ఇంజను బలం గేరుబాక్సు, ప్రొపెల్లర్ షాఫ్టు, వెనక హౌసింగులోని క్రౌను, పినియను అనే పళ్ళచక్రాలు, యాక్సిళ్ళు దాటుకుని చక్రానికి చేరాలి. ఆ వరుస మొత్తాన్ని చిన్న ఇంజనుకు తగ్గట్టు చేశారు. దాని మీద నాలుగైదు రెట్ల బలం వేస్తే ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ విరుగుతుంది. అది మార్చాక దాని పక్కది విరుగుతుంది. అన్నీ మార్చాక ముందు స్ప్రింగులు, ఇంజను కూర్చునే అడ్డపట్టీ, రేడియేటరు, స్టీరింగు, బ్రేకులు కూడా మార్చాలి. చివరికి తాతగారి బండిలో మిగిలేది పైరేకు ఒక్కటే.

చట్టం కూడా దీనికి అడ్డు చెబుతుంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు చెప్పిన వివరాలతో తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సంగతి మళ్ళీ గట్టిగా చెప్పింది. అదే కంపెనీ, అదే రకం ఇంజను వేసుకోవచ్చు, కానీ కొత్త ఇంజను నంబరు ఆర్సీలో ఎక్కించుకోవాలి. చేసిన మార్పును 14 రోజుల్లోగా రిజిస్ట్రేషన్ అధికారికి తెలియజేయాలి. రంగు మార్చినా సరే. చెప్పకుండా మార్చిన బండికి ప్రమాదం జరిగితే బీమా కంపెనీ చేయి దులుపుకోవడానికి కారణం మనమే చేతికిచ్చినట్టు అవుతుంది.

నీకు నేను చెప్పే దారి రెండింటిలో ఒకటి. ఉన్న 1500 ఇంజనునే పూర్తిగా విప్పి కొత్తదానిలా కట్టుకోవడం మొదటిది. కాంటెస్సాకే కంపెనీ తర్వాత అమర్చిన ఇసుజు 1817 సీసీ పెట్రోలు ఇంజనును దాని అయిదు గేర్ల బాక్సుతో సహా తెచ్చుకోవడం రెండోది. అంబాసిడర్ 1800 ఐఎస్‌జెడ్ బళ్ళకు కూడా 1992 నుంచి ఇదే ఇంజను వేశారు, కాబట్టి దానికి సామాను దొరికే అవకాశం ఎక్కువ. ఇది కంపెనీయే ఈ బండిలో కూర్చోబెట్టిన ఇంజను గనుక బండి ఎముకలకు హాని లేదు. రకం మారుతుంది కాబట్టి కొనకముందే రాయగడ ఆర్టీవో కార్యాలయంలో రాతపూర్వక అనుమతి అడుగు. నోటి మాట మీద డబ్బు పెట్టకు.

కాగితాల మాట వచ్చింది గనుక అదీ ఇక్కడే చెప్పేస్తాను. బండి ఇంకా తాతగారి పేరనే ఉంటే, వారు గతించి ఉంటే, వారసుడి పేరుకు మార్చుకోవడానికి ఫారం 31 వేయాలి. పదిహేనేళ్ళు దాటిన సొంత కారుకు రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ ఫారం 25తో చేయించాలి, బండిని తనిఖీకి చూపించాలి, ఆ తర్వాత అయిదేళ్ళకోసారి మళ్ళీ అదే పని. నీ బండికి ఆ గడువు 2001లోనే వచ్చింది. ఈ దారి తెరిచి ఉందని తేల్చుకున్నాకే స్పానరు పట్టు. పాతకాలపు బళ్ళకు 2021లో వచ్చిన ప్రత్యేక రిజిస్ట్రేషన్ మీద ఆశ పెట్టుకోవద్దు. దానికి మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు నిండాలి, చాసిస్, బాడీ, ఇంజను మార్చని బండి అయి ఉండాలి. పైగా ఆ నంబరుతో రోజూ తిరగడానికి వీల్లేదు.

తుప్పు గీకడం మొదలుపెట్టకముందు చేయవలసిన పని ఒకటుంది. చాసిస్ నంబరు ఉన్న చోటును కిరోసిన్ గుడ్డతో మెత్తగా తుడిచి, తెల్ల కాగితం పెట్టి, పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకో. ఆ చోట గ్రైండరు గానీ ఉప్పు కాగితం గానీ తగలనివ్వకు. అంకెలు ఒకసారి చెరిగిపోతే ఆ బండి ఎవరిదో నిరూపించుకోవడానికి కార్యాలయాల చుట్టూ తిరగాలి.

ఇక షెడ్డు. నేల గట్టి కాంక్రీటు అయి ఉండాలి. బండిని ఎత్తి నిలపడానికి ఇటుకలు, సిమెంటు దిమ్మెలు ఎంత మాత్రం వాడకు. పైకి గట్టిగా కనిపిస్తూనే హఠాత్తుగా పగిలిపోతాయి. మన అడవుల్లో గుగ్గిలం కలప ఉంది, అడ్డంగా నిలువుగా పేర్చిన గుగ్గిలం దుంగలు లారీ బరువైనా మోస్తాయి. ఇనుప స్టాండ్లు కొనుక్కుంటే మరీ మంచిది. జాకీ ఎత్తడానికే, దాని మీద భరోసా పెట్టి కిందికి దూరకూడదు. వెల్డింగుకు ముందు బ్యాటరీ తీసేయాలి, పెట్రోలు ట్యాంకు ఊడదీసి షెడ్డు బయటకు, దూరంగా చేర్చాలి. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కన్నా ప్రమాదం, లోపల మిగిలిన ఆవిరి నిప్పురవ్వకు పేలుతుంది. ట్యాంకుకు చిల్లుంటే ఇంట్లో అతికే ప్రయత్నం చేయకు.

బండి మొత్తం ఒకేసారి విప్పేయాలని చేతులు ఉవ్విళ్ళూరతాయి. వద్దు. ఒక భాగం విప్పు, బాగుచెయ్యి, బిగించు, తర్వాత ఇంకోటి. విప్పిన ప్రతి బోల్టూ దేనిదో రాసి విడి డబ్బాలో వెయ్యి, విప్పేముందు ఫోనుతో ఫొటో తీసుకో. కదలని బోల్టును పట్టుబట్టి విరగ్గొట్టకు. చొచ్చుకుపోయే నూనె వేసి రాత్రంతా ఉంచు. తెల్లారి మంటతో నట్టును కాస్త వేడిచేసి, చల్లారనిచ్చి, బిగించే వైపు రవ్వంత కదిపి, అప్పుడు విప్పు.

తుప్పు దగ్గర నీ డబ్బులో పెద్ద వాటా పోతుంది, మనసు సిద్ధం చేసుకో. వంశధార ఒడ్డు ఊరు, తేమ తక్కువేం కాదు. పైకి బాగున్న రేకు కింద ఎంత లప్పం ఉందో కనిపెట్టడానికి చిన్న అయస్కాంతాన్ని పల్చటి గుడ్డలో చుట్టి ఒంటి పొడవునా జరుపు. అయస్కాంతం పట్టు వదిలిన చోట రేకు మీద లప్పం మందంగా ఉందన్నమాట. తలుపుల కింద ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా సాగే పెట్టెలాంటి భాగాన్ని మెకానిక్కులు సిల్ అంటారు. దాన్ని స్క్రూడ్రైవర్ పిడితో వరుసగా తడుతూ వెళ్ళు. ఖంగుమంటే మంచి రేకు. మొద్దు శబ్దం వస్తే స్క్రూడ్రైవర్ మొన పెట్టి నొక్కు, అది లోపలికి దిగిందంటే ఆ ముక్క పోయినట్టే. కాళ్ళ కింద పట్టాలు ఎత్తి, వాటి అడుగున అంటించిన తారు పొర కూడా లేపి చూడు. డిక్కీలో అదనపు టైరు గుంట, చక్రాల పైకమానుల లోపలి అంచులు, తలుపుల అడుగు అంచులు, ఇవన్నీ అదే రోగం పట్టే చోట్లు.

ఈ బండికి లారీలా విడిగా ఫ్రేము లేదు. బాడీయే ఫ్రేము. సిల్ కోసినప్పుడు బండి నడుం విరిగినంత పని. అందుకే కోయకముందు తలుపులు పెట్టి, మూసి, చుట్టూ సందు సమానంగా ఉందో లేదో చూసుకో. తర్వాత తలుపు తీసి ముందు స్తంభం నుంచి వెనక స్తంభానికి ఇనుప గొట్టాలు అడ్డంగా, ఐమూలగా టాకా, అంటే చిన్న చుక్క వెల్డింగు, వేసి బిగించు. రెండు పక్కలా సిల్ ఒకేసారి కోయకు. కొత్త రేకు పెట్టి నాలుగు టాకాలు వేశాక గొట్టాలు ఉండగానే తలుపు సందు మళ్ళీ కొలిచి, అప్పుడు పూర్తి అతుకు వెయ్యి. ఈ ఒక్క జాగ్రత్త వదిలేసిన బళ్ళలో తలుపు మూయాలంటే భుజంతో ఎత్తి నెట్టాల్సి వస్తుంది. దాన్ని సరిచేయాలంటే అతుకులన్నీ మళ్ళీ కోయాల్సిందే.

అడుగుకు 18 గేజి రేకు, పైఒంటికి 20 గేజి వాడు. పాత గ్యాసు వెల్డింగు పల్చటి రేకును వేడికి వంకరలు తిప్పుతుంది. సీవోటూ వెల్డింగు యంత్రం అద్దెకు తెచ్చుకో. ఇక్కడొక టాకా వేశాక జానెడు అవతల ఇంకోటి వెయ్యి, చేయి ఆనించగలిగినంత చల్లారాక మొదటి దాని పక్కకు రా. తొందరపడి గీతలా లాగేస్తే రేకు అలలు తేలుతుంది. ఆ అలలను దాచడానికి లప్పం, లప్పం కింద మళ్ళీ తుప్పు. అతుకుల మీద జింకు కలిసిన ప్రైమర్ పూయి. సిల్ అడుగున కంపెనీ పెట్టిన నీటి రంధ్రాలు మూసుకుపోకుండా చూడు. టింకరింగ్ పని నీకు చేతకాకపోతే సాలూరు వెళ్ళు. లారీలకు పేరున్న ఊరు అది. రేకు వంచడం, అతకడం తెలిసిన చేతులు అక్కడ దొరుకుతాయి. కోసిన కొలతలు, అట్ట నమూనాలు నువ్వే తయారు చేసుకుని వెళితే ఖర్చు తగ్గుతుంది, పని నీ కంటి ముందే జరుగుతుంది.

ఇప్పుడు బ్రేకులు. ఏళ్ళ తరబడి నిలబడిన బండిలో బ్రేకు ఆయిలు గాలిలోని నీటిని పీల్చుకుని ఉంటుంది. డాట్-3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దగ్గర మరగాలి, తడి పట్టాక ప్రమాణం ప్రకారం 140 డిగ్రీలే. డాట్-4 అయితే 230, తడి పట్టాక 155. దేవమాలి నుంచి దిగుతూ పెడలు మీద కాలు తీయకుండా వస్తే చక్రాల దగ్గర వేడి ఆ తడి ఆయిలును మరిగిస్తుంది. మరిగితే పైపుల్లో ఆవిరి బుడగలు చేరతాయి. ఆయిలు నొక్కుడుకు లొంగదు, ఆవిరి లొంగుతుంది. పెడలు నేలకు అంటుకుంటుంది, బండి మాత్రం ఆగదు. మూడు మలుపుల కింద బాగానే పట్టిన బ్రేకు ఇప్పుడు లేదంటే కారణం ఇదే. పాత ఆయిలు చుక్క మిగలకుండా తీసేసి డాట్-4 పోయి, ఏడాదికో రెండేళ్ళకో మార్చుకో. దిగుడులో ఎక్కిన గేరుకు మించి పైగేరు వేయకు.

మాస్టర్ సిలిండరు, నాలుగు వీల్ సిలిండర్లు విప్పి లోపలి గోడను గోటితో తడుము. గోరు ఎక్కడైనా చిక్కుకుంటే అక్కడ గుంటలు పడ్డాయి, ఎంత మంచి రబ్బరు వేసినా కారుతుంది. సిలిండరు కొత్తది దొరక్కపోతే పాతదాన్ని లేత్ మీద బోరు చేయించి ఇత్తడి లేదా స్టెయిన్‌లెస్ స్లీవు, అంటే లోపలి గొట్టం, వేయించవచ్చు. సునాబెడలో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ (హెచ్ఏఎల్) వాళ్ళు 1960ల నుంచి మిగ్ విమానాల ఇంజన్లు తయారు చేసిన ప్రాంతం ఇది, మిల్లీమీటరులో వందో వంతు తేడా పట్టే టర్నర్లు ఇక్కడ ఉన్నారు. అలాంటి చేయి చూసుకుని ఇవ్వు. విడి భాగాలను పెట్రోలుతో, కిరోసిన్‌తో కడగకు, రబ్బర్లు ఉబ్బిపోతాయి. స్పిరిటుతో గానీ కొత్త బ్రేకు ఆయిలుతో గానీ కడుగు. చక్రాల దగ్గరి రబ్బరు హోసులు పైకి బాగున్నా మార్చెయ్యి, లోపల వాచి మూసుకుపోయి ఉంటాయి. ఇనుప పైపులు తుప్పు పడితే బ్రేకుల కోసమే చేసిన పైపు కొను. ఏసీ మెకానిక్ దగ్గర దొరికే మామూలు రాగి గొట్టం వేయకు, అదురుకు గట్టిపడి చీలుతుంది.

బ్రేకు పైపుల్లోంచి గాలి తీయడం ఇద్దరి పని. మీ నాన్నగారిని సీటులో కూర్చోబెట్టు. మాస్టర్ సిలిండరుకు అన్నిటికన్నా దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టు, మన బళ్ళలో అది వెనక ఎడమ చక్రం. చక్రం వెనక గాలి వదిలే చిన్న మరను నిపిలు అంటారు, దానికి పారదర్శకమైన సన్న గొట్టం తగిలించి, రెండో కొసను కొంచెం ఆయిలు పోసిన గాజు సీసాలో ముంచు. ఆయన పెడలు మెల్లగా తొక్కి పట్టుకోవాలి. నువ్వు నిపిలు పావు చుట్టు వదలాలి, బుడగలు వచ్చాక బిగించాలి, ఆ తర్వాతే ఆయన కాలు తీయాలి. గొట్టంలో మొదట కాఫీ రంగు ఆయిలు, దానితో పాటు చిటపటమంటూ బుడగలు వస్తాయి. తర్వాత రంగు తేలుతుంది, బుడగలు ఆవగింజంతై అరుదవుతాయి. రెండు మూడు తొక్కులు వరుసగా బుడగ లేకుండా వచ్చేదాకా ఆపకు. పైన డబ్బాలో ఆయిలు అడుగంటనివ్వకు, గాలి లోపలికి పోతే మళ్ళీ మొదటి నుంచి చేయాలి. అంతా అయ్యాక పెడలు గట్టిగా తొక్కి ఒక నిమిషం పట్టుకో. అది మెల్లగా దిగుతూ ఉంటే ఎక్కడో కారుతోంది. ఆ పరీక్ష నెగ్గేదాకా ఇంజను ఊసెత్తకు.

ఇంజనును మేల్కొలపడం ఓర్పు పని. తాళం పెట్టి సెల్ఫ్ కొట్టాలని ఎంత అనిపించినా కొట్టకు. ప్లగ్గులు తీసి ప్రతి సిలిండరులో కొంచెం పల్చటి నూనె పోసి కొన్నాళ్ళు వదిలెయ్యి. తర్వాత ముందు పుల్లీ నట్టుకు స్పానరు పెట్టి చేత్తో తిప్పు. మెత్తగా తిరిగితే అదృష్టం. బిగుసుకుంటే ఇంకొన్నాళ్ళు నాననివ్వు, బలవంతం చేస్తే రింగులు విరుగుతాయి. పాత ఆయిలు, ఫిల్టరు మార్చి, ప్లగ్గులు లేకుండా తిప్పి ఆయిలు పైదాకా వచ్చిందని చూశాక కంప్రెషన్ కొలువు. నాలుగు సిలిండర్లలో ఒకటి మిగతా వాటికన్నా బాగా తక్కువ చూపితే హెడ్డు విప్పక తప్పదు.

పెట్రోలు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. బంకుల్లో ఇప్పుడు వచ్చేది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన ఈ-20. 1986లో ఈ బండికి వేసిన రబ్బరు గొట్టాలు, పంపులోని పొర, కార్బురేటర్ వాషర్లు దాన్ని తట్టుకునేవి కావు. అవి మెత్తబడి పెట్రోలు వేడి ఇంజను మీద కారితే బండి అంటుకుంటుంది. ఎస్ఏఈ జె30 ఆర్9 అని ముద్ర ఉన్న గొట్టమే కొను. ఇథనాల్ నీటిని పీలుస్తుంది కాబట్టి నెలల తరబడి ట్యాంకులో పెట్రోలు నిల్వ ఉంచకు, లోపల తుప్పు మొదలవుతుంది.

కోరాపుట్ పీఠభూమి దాదాపు 900 మీటర్ల ఎత్తు. అక్కడ గాలి పల్చబడి ఇంజను బలంలో సుమారు పదో వంతు పోతుంది. కార్బురేటర్ మిశ్రమం కూడా పెట్రోలు ఎక్కువై పొగ వస్తుంది. గుణుపురంలో సరిచేసిన కార్బురేటర్ కొండ మీద మళ్ళీ చూసుకోవాలి. మామూలు నీళ్ళు అక్కడ 97 డిగ్రీలకే మరుగుతాయి. రేడియేటర్ మూత స్ప్రింగు బాగుంటే లోపలి ఒత్తిడి ఆ తేడా పూడుస్తుంది, కాబట్టి తక్కువ ధరలో దొరికే ఆ మూత కొత్తది వెయ్యి. రేడియేటర్ కోరు తోమించి, కూలెంటు కలిపిన నీళ్ళు పోయి. వేడెక్కుతోందని థర్మోస్టాట్ పీకి పారేసే అలవాటు మన దగ్గర చాలా చోట్ల ఉంది. నీ బండిలో అలా చేయనివ్వకు. అది లేకపోతే ఇంజను ఉదయాన్నే సరైన వేడి అందుకోదు, ఆయిలులో నీరు చేరుతుంది, అరుగుదల పెరుగుతుంది.

బలం పెంచుకోవడానికి ఇంజను కట్టేటప్పుడే చోటు ఉంది. బోరు చేయించి సరైన సైజు పిస్టన్లు వేయడం, హెడ్డు చదును చేయించి వాల్వులు బాగా కూర్చోబెట్టడం, స్పార్కు సమయం ఖచ్చితంగా పెట్టడం. ఇవి సరిగా జరిగితే ఫ్యాక్టరీ నుంచి వచ్చిన బలమంతా తిరిగి చేతికొస్తుంది. నలభై ఏళ్ళ బండిలో ఆ బలాన్ని చాలామంది ఎప్పుడూ రుచి చూసి ఉండరు.

రూపం దగ్గర నీ ఊహకు చోటు ఇవ్వు. నల్ల గ్రిల్లు, బానెట్ మీద నిలువు చారలు, కొంచెం వెడల్పు చక్రాలు చాలు. స్టీరింగు రెండు వైపులా పూర్తిగా తిప్పి, వెనక ముగ్గుర్ని కూర్చోబెట్టి టైరు ఎక్కడా రుద్దుకోకుండా చూసుకో. స్ప్రింగులు కోసి బండిని దించే పని మాత్రం చేయకు, రాయగడ రోడ్ల గుంటల్లో సైలెన్సరు, ఆయిలు పాను రెండూ పోతాయి. వైరింగు ఎలుకలు కొరికి ఉంటుంది, అతుకులు వేసే బదులు కొత్త తీగల కట్ట వేసి, లైట్లకు రిలేలు పెట్టి, ప్రతి సర్క్యూటుకూ ఫ్యూజు పెట్టు.

రంగు వానాకాలంలో వేయకు. జూన్ నుంచి సెప్టెంబరు వరకు ఇంజను, బ్రేకులు, వైరింగు పెట్టుకో. రంగును నవంబరు తర్వాతకు ఉంచు. అప్పుడు కూడా పొద్దున మంచు విడిచాకే, మధ్యాహ్నం మూడు లోపే పిచికారీ చెయ్యి. తేమ గాలిలో థిన్నరు ఆవిరవుతూ రంగును తెల్లగా పాలిపోయేలా చేస్తుంది. రెండు డబ్బాలు కలిపే పాలియూరితేన్ రంగు ఇంట్లో కొట్టకు. అందులోని ఐసోసైనేట్లు ఊపిరితిత్తులను శాశ్వతంగా దెబ్బతీస్తాయి, గుడ్డ కట్టుకుంటే ఆగవు. ఆ చివరి పూత గాలి గొట్టం ముసుగులు ఉన్న పెయింటింగ్ గదిలో వేయించు. కింది పొరలన్నీ నీ చేత్తోనే చేసుకోవచ్చు. లప్పం రుద్దాక కళ్ళతో చూడటం చాలదు. పల్చటి నూలు గుడ్డ పరిచి దాని మీద అరచేయి పొడవుగా జరిపితే కంటికి కనిపించని అలలు చేతికి తెలుస్తాయి.

సామానుకు విశాఖ ఆటోనగర్, విజయవాడ ఆటోనగర్ ముందు తిరుగు. అక్కడ దొరకని కాంటెస్సా భాగాలకు కలకత్తా మల్లిక్ బజార్ ఉంది, ఈ బండి పుట్టిల్లు ఆ పక్కనే కదా. పాత భాగం చేతిలో పట్టుకుని వెళ్ళు, పేరు చెప్పి అడిగితే వేరేది అంటగడతారు.

ఆరు నెలల్లో కాదు. చదువో ఉద్యోగమో చేసుకుంటూ సెలవు రోజుల్లో చేసే పనికి రెండు వానాకాలాలు దాటుతాయి. బండి నడిచాక కూడా నేరుగా దేవమాలికి పోకు. మొదట ఊళ్ళో, తర్వాత రాయగడ దాకా వెళ్ళి చక్రాల నట్లు మళ్ళీ బిగించి, చుక్క ఎక్కడ పడుతోందో బండి కింద అట్ట పరిచి చూసుకో. అది పొడిగా ఉంటేనే కొండ.

ఈ వారం నువ్వు చేయవలసినవి మూడు. ఆర్సీ ఎవరి పేరున ఉందో, ఎప్పటిదాకా చెల్లుతుందో చూడు. సిల్ పొడవునా స్క్రూడ్రైవర్ దిగిన ప్రతి చోటా సుద్దముక్కతో గుర్తు పెట్టి ఫొటో తియ్యి. మాస్టర్ సిలిండరు మీద పోతలో వచ్చిన అక్షరాలు, అంకెలు కనిపించేలా ఇంకో ఫొటో తియ్యి. అవి ఇక్కడ పెడితే ఏ సిలిండరుకు స్లీవు సరిపోతుందో, ఏది కొత్తది వెతుక్కోవాలో చూసి చెబుతాను.